అమ్మమ్మ వైపు అరవైనాలుగు మంది, ఏడుగురికి బైపోలార్. వంశవృక్షం గీస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

వేపనీడ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా తమ్ముడికి బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఊపు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే మనోవ్యాధి) అని తేలి మూడేళ్లయింది. మందులు వాడుతున్నాడు, బాగున్నాడు. పోయిన నెల వాడి డాక్టర్ "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని మామూలుగా అడిగారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అమ్మమ్మ అన్నగారు, ఆయన కొడుకులిద్దరు, మా పెద్దమ్మ, పెద్దమ్మ కూతురు, మా సొంత మేనమామ, మా తమ్ముడు. ఏడుగురు! డాక్టర్ పెన్ను పక్కన పెట్టేసి, ఇలాంటి పెద్ద కుటుంబాల మీద జన్యు పరిశోధన చేసే బృందం ఒకటి ఉంది, మాట్లాడతారా అన్నారు.

వాళ్లు వచ్చి మాట్లాడారు. నాలుగు తరాల్లో మొత్తం 64 మంది లెక్క తేలారు. జబ్బున్నవాళ్లతోనే కాదు, ఏ జబ్బూ లేనివాళ్లతో కూడా గంటల తరబడి మాట్లాడాలట, అందరి రక్తం కావాలట. పెద్దమ్మ భగ్గుమంది. "నాకేం రోగం? ఏదో నాలుగు రోజులు దిగులుగా ఉంటే నన్నూ ఆ జాబితాలో కలిపేస్తావా?" అని నాతో మాట్లాడటం మానేసింది.

నా సందేహాలు మూడు. ఇంతమందిని చూస్తే ఆ జీన్ ఏదో దొరుకుతుందా? దొరికితే మాకేం ఒరుగుతుంది? అసలు బాగున్నవాళ్ల రక్తంతో వాళ్లకేం పని?

గీతలపిల్ల | ఆదివారం, రాత్రి 10:05

వేపనీడ గారూ, మూడో ప్రశ్నకి నేను చెప్పగలను. ఆరేళ్లు ఇదే పని చేశాను, ఇళ్లకు వెళ్లి వంశవృక్షాలు గీయడం.

మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం. జబ్బున్నవాళ్లది నల్లగా నింపుతాం. చనిపోయినవాళ్ల మీద అడ్డంగా ఒక వాలు గీత. ఎవరి ద్వారా కుటుంబం మాకు తెలిసిందో ఆ మనిషికి బాణం గుర్తు. మీ ఇంట్లో ఆ బాణం మీ తమ్ముడిది.

ఇక బాగున్నవాళ్ల సంగతి. ఏడుగురికి జబ్బుంది, వాళ్లందరిలో ఒక క్రోమోజోమ్ ముక్క ఒకేలా ఉందనుకోండి. వాళ్లు బంధువులు కాబట్టి ఎలాగూ బోలెడన్ని ముక్కలు కలుస్తాయి. ఏ ముక్క జబ్బుతో పాటు నడుస్తోందో, ఏది ఊరికే చుట్టరికం వల్ల కలిసిందో తెలియాలంటే, జబ్బు రాని అన్నదమ్ముల్లో ఆ ముక్క ఉందో లేదో చూడాలి. ఖాళీగా ఉన్న చతురస్రం కూడా నల్లదానితో సమానంగా మాట్లాడుతుంది.

అన్నట్టు, మీరు చెప్పిన ఏడుగురిలో డాక్టర్ చూసి నిర్ధారించింది ఎంతమందిని?

వేపనీడ | ఆదివారం, రాత్రి 10:21

నలుగురిని. తమ్ముడు, అక్క (పెద్దమ్మ కూతురు), మామయ్య, అమ్మమ్మ అన్నగారి పెద్దబ్బాయి. మిగతాది చెప్పుకునే మాటే. అమ్మమ్మ అన్నగారి గురించైతే "కొన్నాళ్లు రాజులా తిరిగేవాడు, కొన్నాళ్లు గది దాటేవాడు కాదు" అని అమ్మ చెప్తుంది, అంతే.

గీతలపిల్ల | ఆదివారం, రాత్రి 10:40

అయితే ప్రస్తుతానికి నల్లవి నాలుగే అనుకోండి. "చెప్పుకునే మాట" మీద నల్లరంగు వేయం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు మూడు గంటలు అడుగుతాం, పాత ఆస్పత్రి కాగితాలు తీయిస్తాం. తర్వాత అవన్నీ ఇద్దరు ముగ్గురు సైకియాట్రిస్టులు విడివిడిగా చదువుతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో వాళ్లకి చెప్పం. "వీడి తమ్ముడికి ఉందిగా, వీడికీ ఉండే ఉంటుంది" అన్న ఆలోచన రాకూడదు కదా. చదివినవాళ్లందరూ ఒక మాట మీదికి వస్తేనే రంగు.

లెక్కలపిచ్చి | సోమవారం, ఉదయం 7:30

మొదటి ప్రశ్న నా వంతు. "ఆ జీన్ ఏదో" అన్నారు చూడండి, ఆ ఏకవచనంలోనే నలభై ఏళ్ల కథ ఉంది.

1983లో హంటింగ్టన్స్ జబ్బు (ఒకే ఒక్క జీన్ చెడిపోవడం వల్ల వచ్చి, మెదడుని క్రమంగా దెబ్బతీసేది) జీన్ నాలుగో క్రోమోజోమ్ మీద ఎక్కడో ఉందని కనుక్కున్నారు. వెనిజులాలో మారకైబో సరస్సు ఒడ్డున ఉన్న ఒక మహా కుటుంబం రక్తం అందుకు బాగా పనికొచ్చింది. పదేళ్లకి, 1993లో, జీన్ చేతికి చిక్కింది. మొదటి విజయం చూడగానే మనోవ్యాధుల మీద పనిచేసేవాళ్లకి ప్రాణం లేచొచ్చింది. పెద్ద కుటుంబం ఒక్కటి దొరికితే చాలు, మనమూ పట్టేస్తాం అనుకున్నారు.

దొరికింది కూడా. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఓల్డ్ ఆర్డర్ ఆమిష్ వాళ్లు, ఆధునిక యంత్రాలకి దూరంగా పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సంఘం. జానిస్ ఎగ్లండ్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి వాళ్ల మధ్య తిరిగి సంపాదించిన కుటుంబాల్లో ఒకటి 110వ నంబరు వంశవృక్షం. అందులో 81 మంది, 19 మందికి జబ్బు. 1987లో నేచర్ పత్రికలో అచ్చయింది, 11వ క్రోమోజోమ్ చివర బైపోలార్ జీన్ ఉన్నట్టుంది అని. లాడ్ స్కోరు 4.9. (జీన్ ఆ చోట ఉందనుకుంటే ఈ సమాచారం వచ్చే సంభావ్యత ఎంత, లేదనుకుంటే ఎంత, ఆ రెండింటి నిష్పత్తికి లాగరిథమ్‌నే లాడ్ అంటారు. 3 వస్తే వెయ్యికి ఒకటి అన్నంత గట్టి సాక్ష్యం. 4.9 అంటే దాదాపు 80 వేలకి ఒకటి.) ప్రపంచమంతా పత్రికల మొదటి పేజీల్లో వేసుకున్నారు. తమాషా ఏంటంటే, అదే నేచర్ సంచికలో ఐస్‌లాండ్ కుటుంబాల్లో ఒక బృందం, ఉత్తర అమెరికాలోనే వేరే కుటుంబాల్లో ఇంకో బృందం వెతికి, అక్కడ ఏమీ కనబడలేదని రాశారు. దాన్ని ఎవరు పట్టించుకుంటారు!

1989లో అదే ఆమిష్ కుటుంబాన్ని మళ్లీ లెక్కగట్టారు. ఈలోగా రెండు జరిగాయి. మొదటిసారి "బాగున్నారు" అని రాసుకున్నవాళ్లలో ఇద్దరికి జబ్బు బయటపడింది. కుటుంబంలోనే పక్క శాఖల్ని కొత్తగా కలిపారు. స్కోరు కుప్పకూలింది. 11వ క్రోమోజోమ్ కథ ముగిసింది.

సందేహాలరావు | సోమవారం, ఉదయం 8:02

ఇద్దరు మనుషుల లెక్క మారితే 80 వేలకి ఒకటి అన్న సాక్ష్యం పోతుందా మాస్టారూ? అదేం లెక్క? ఎక్కడో దగా ఉంది.

లెక్కలపిచ్చి | సోమవారం, ఉదయం 8:44

దగా లేదు రావుగారూ. మొదటి లెక్క నిజాయతీగా చేసిందే, రెండో లెక్క వేసినవాళ్లలో మొదటి బృందంవాళ్లూ ఉన్నారు. తమ తప్పు తామే అచ్చువేసుకున్నారు, అది చిన్న విషయం కాదు.

లెక్క ఎందుకు అంత పెళుసో చూడండి. "జీన్ ఉంటే జబ్బు ఇంత శాతం వస్తుంది" అని ముందే ఒక నమూనా అనుకుని లాడ్ గడతారు. నలభై దాటిన మనిషి, ఆ ముక్క లేదు, జబ్బూ లేదు: మీ వాదానికి మంచి బలం. అదే మనిషి ఏడాది తిరిగేసరికి మానియాతో (బైపోలార్‌లో ఊపు హద్దు మీరే దశ) ఆస్పత్రిలో చేరాడు: బలం పోవడమే కాదు, ఎదురు సాక్షి అయ్యాడు. ఒక్క మనిషితో రెండు వైపులా నష్టం. పైగా ఒకే కుటుంబం కాబట్టి, వంశవృక్షంలో కీలకమైన చోట ఉన్న మనిషి మారితే కింది కొమ్మలన్నీ కదులుతాయి.

ఇంకో దెబ్బ కూడా అప్పుడే తగిలింది. 1987లోనే ఇజ్రాయెల్ కుటుంబాల్లో ఎక్స్ క్రోమోజోమ్ మీద, రంగుల అంధత్వం ఉండే చోటి దగ్గర బైపోలార్ జీన్ ఉందన్నారు. 1993లో అదే బృందం మళ్లీ చూసి, ఆధారం బాగా తగ్గిపోయిందని రాసింది.

అందుకే నన్నడిగితే వంశవృక్షంలో అతి ప్రమాదకరమైన బొమ్మ ఖాళీ వృత్తమే. నల్లగా నింపిందాన్ని మళ్లీ తెల్లగా చేయాల్సి రావడం అరుదు. ఖాళీదానికి మాత్రం "ఇప్పటికి" అన్న మాట ఎప్పుడూ వెంట ఉంటుంది.

గీతలపిల్ల | సోమవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారు లెక్క చెప్పారు, నేను ఆమిష్ వాళ్లనే ఎందుకు ఎంచుకున్నారో చెప్తాను. నాకు ఈ పనిమీద ఇష్టం పుట్టిందే అది చదివాక.

18వ శతాబ్దంలో వలసవచ్చిన కొద్ది జంటల సంతానం వాళ్లు. బయటివాళ్లు వచ్చి కలిసేది తక్కువ, ఇంటికి ఏడెనిమిది మంది పిల్లలు, ఎవరు ఎవరి బిడ్డో రాసిపెట్టుకున్న పుస్తకాలున్నాయి. తాగుడు, మత్తుమందులు చాలా తక్కువ. మామూలుగా మాకు పెద్ద తలనొప్పి అదే, మందు వల్ల వచ్చిన ఊపా, జబ్బు వల్ల వచ్చిన ఊపా అని. అక్కడ ఆ గొడవ లేదు.

కానీ మానియా ఎలా గుర్తుపట్టాలి? పాఠ్యపుస్తకంలో ఉంటుంది, విచ్చలవిడి ఖర్చు, విపరీతమైన మాటలు అని. నిరాడంబరంగా బతికే ఆమిష్ మనిషి ఎంత ఊపులో ఉన్నా కార్లు కొనేయడు కదా. ఎగ్లండ్ బృందం రాసుకున్న లక్షణాలు చూడండి: గుర్రబ్బండిని మరీ దౌడు తీయించడం, పశువులతో మోటుగా ఉండటం, పబ్లిక్ టెలిఫోన్‌ని తెగ వాడటం, సంఘం వద్దన్న యంత్రాలు కొనడం, పనుల కాలంలో విహారయాత్రలకి పథకాలు వేయడం. బయటివాళ్లకి ఇదంతా మామూలు జీవితం! అక్కడి డాక్టర్లు అంతకుముందు వీళ్లలో చాలామందికి స్కిజోఫ్రీనియా (భ్రమలు, లేని మాటలు వినబడటం ఉండే వేరే మనోవ్యాధి) అని రాసేశారట.

నేను ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు "ఎప్పుడైనా విపరీతమైన ఉత్సాహం కలిగిందా" అని అడిగేదాన్ని కాదు. "ఆయన మామూలుగా ఎలా ఉంటారు? అప్పుడు ఏం మారింది?" అని అడిగేదాన్ని. ఒకావిడ చాలాసేపు ఆలోచించి, "ఆ నెల ఆయన ఇంట్లో ఉన్న గడియారాలన్నీ విప్పేశారండి, మళ్లీ బిగించలేదు" అంది. రెండు గంటల్లో నాకు దొరికిన సమాచారమంతా ఆ ఒక్క వాక్యమే.

ముక్కుసూటి | సోమవారం, సాయంత్రం 6:50

అందరూ జీన్ జీన్ అంటున్నారు. ఒక ఇంట్లో పెరిగితే ఒకరి తీరు ఒకరికి అబ్బుతుంది. తండ్రి అరిస్తే కొడుకు అరుస్తాడు. అది రక్తం కాదు, పెంపకం. రక్తం మీదికి నెట్టేస్తే ఎవరికీ బాధ్యత ఉండదు, అదే హాయి.

డ్యూటీడాక్టర్ | సోమవారం, రాత్రి 8:20

ముక్కుసూటి గారూ, మీ అనుమానం తీసిపారేసేది కాదు. కుటుంబంలో గుంపుగా కనబడినంత మాత్రాన జన్యువని తేలదు, ఒకే భాష కూడా కుటుంబమంతా మాట్లాడుతుంది. అందుకే కవలల్ని, దత్తత వెళ్లినవాళ్లని చూశారు. 1977లో వచ్చిన ఒక అధ్యయనంలో, దత్తత వెళ్లి పెద్దయ్యాక బైపోలార్ వచ్చినవాళ్ల తల్లిదండ్రుల్ని పోల్చారు. కన్నవాళ్లలో మూడ్ జబ్బులు 31 శాతం, పెంచినవాళ్లలో 12 శాతం. పెంపకమే కారణమైతే ఇది తలకిందులుగా ఉండాలి. కవలల అధ్యయనాల్లో కూడా మనుషుల మధ్య తేడాలో 60 నుంచి 85 శాతం దాకా జన్యువుల వాటా అని వస్తోంది.

అలాగని మీరు పూర్తిగా తప్పూ కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి తప్పనిసరిగా వస్తుందా అంటే, రాదు. చాలా జంటల్లో రెండోవారు మామూలుగానే ఉంటారు. జన్యువులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా!

ముక్కుసూటి | సోమవారం, రాత్రి 8:41

31, 12 అన్నమాట. సరే, ఆ ముక్క ఒప్పుకుంటున్నా. బాధ్యత గురించి నా మాట మాత్రం అలాగే ఉంది.

ఉప్పుబిళ్ల | సోమవారం, రాత్రి 11:30

నాకు బైపోలార్. ఇరవైరెండో ఏట మొదటిసారి వచ్చింది, ఇప్పుడు నలభై ఒకటి. పేరు చూసే ఉంటారు, లిథియం (బైపోలార్‌కి మందుగా ఇచ్చే ఒక లవణం) మీద ఉన్నాను, పదిహేనేళ్లు.

బాధ్యత గురించి ఒక్కటే చెప్తాను. రోజూ బిళ్ల వేసుకునేది, వేళకి పడుకునేది, మూడు నాలుగు నెలలకోసారి రక్తంలో లిథియం చూపించుకునేది నేనే. జీన్ వచ్చి చేయదు. మా నాన్నకి ఉందని మాత్రం నాకు ఆయన పోయాకే అర్థమైంది. ఆయన రాసుకున్న డైరీలు తిరగేస్తుంటే, నెలకి నాలుగు పేజీలు, మళ్లీ ఒక నెలలో నూటపది పేజీలు. చేతిరాత కూడా పెద్దదైపోయింది.

వేపనీడ గారూ, మేమూ ఇలాంటి పరిశోధనలో చేరాం, మా వైపు పద్దెనిమిది మందిమి. నా అనుభవం మంచీ చెడూ రెండూ. చెడు ముందు: రక్తం తీసుకున్నాక వాళ్లు మళ్లీ మొహం చూపించలేదు. ఏం తేలిందని అడిగితే జవాబు లేదు. రెండేళ్లకి ఫోన్ నంబరే మారిపోయింది. వ్యక్తిగత ఫలితాలు ఇవ్వరని కాగితంలో ఉందట, సంతకం పెట్టేటప్పుడు ఎవరూ విడమర్చి చెప్పలేదు. కాబట్టి ముందే అడగండి.

మంచి: రెండు వారాలు మణికట్టుకి వాచీలాంటిది పెట్టుకోమన్నారు. నిద్ర, కదలిక కొలిచేది. మా అక్కకి ఏ జబ్బూ లేదు. కానీ ఆమె గీత, నా గీత పక్కపక్కన పెడితే ఇద్దరికీ నిద్ర ఒకేలా ముక్కలుముక్కలుగా ఉంది. అక్క ఆ కాగితం పట్టుకుని కూర్చుని, "చిన్నప్పటినుంచీ నాకూ ఇంతే కదరా" అంది. పది పదిహేనేళ్లుగా నన్ను వేరే జాతి మనిషిలా చూసిన అక్క.

లెక్కలపిచ్చి | మంగళవారం, ఉదయం 7:10

ఉప్పుబిళ్ల గారి వాచీ మాట పట్టుకుంటాను, ఎందుకంటే కుటుంబ పరిశోధన ఇవాళ ఎటు పోతోందో అందులో ఉంది.

కోస్టారికా మధ్యలోయలో, కొలంబియాలో అంతియోకియా ప్రాంతంలో 26 పెద్ద కుటుంబాలు తీసుకున్నారు. ఈ రెండు చోట్లా కొద్దిమంది పూర్వీకులనుంచి పెరిగిన జనాభా. 2014లో వచ్చిన పనిలో 738 మంది, అందులో 181 మందికి బైపోలార్ ఒకటో రకం (పూర్తిస్థాయి మానియా వచ్చేది). జబ్బుందా లేదా అనే ఒక్క ప్రశ్నతో ఆగకుండా మెదడు స్కాన్లు, జ్ఞాపకశక్తి పరీక్షలు, స్వభావం, అన్నీ కొలిచారు. 2016లో అవే కుటుంబాల్లో 558 మందికి ఆ మణికట్టు పరికరం పెట్టారు. నిద్ర, కదలికల్లో 73 కొలతలు తీస్తే 49 వంశపారంపర్యంగా నడుస్తున్నాయి, 13 బైపోలార్‌తో ముడిపడి ఉన్నాయి. జబ్బున్నవాళ్లు స్థిమితంగా ఉన్న రోజుల్లోనే ఈ కొలతలు.

దీనివల్ల లాభం ఏంటంటే, "ఖాళీ వృత్తం" సమస్య కొంత తగ్గుతుంది. ఉంది లేదు అని రెండు డబ్బాల్లో వేయకుండా, ఆ మనిషి నిద్ర ఎన్ని గంటలు, ఎంత అస్తవ్యస్తం అని అంకె వేస్తే, జబ్బు రాని అక్క కూడా సమాచారం ఇస్తుంది.

వేపనీడ | మంగళవారం, ఉదయం 9:25

మాస్టారూ, అంటే ఒక్క జీన్ లేనట్టేనా? మరి ఇన్నాళ్లూ కుటుంబాల చుట్టూ తిరిగింది వృథాయేనా?

లెక్కలపిచ్చి | మంగళవారం, ఉదయం 10:40

కుటుంబాలతో పట్టు దొరక్కపోయేసరికి జనం రెండో దారి పట్టారు. చుట్టరికం లేని వేలమంది రోగుల్ని, వేలమంది మామూలువాళ్లని తెచ్చి, జన్యుపటం మొత్తం పోల్చడం. 2019లో జన్యుపటంలో బైపోలార్‌తో ముడిపడిన 30 చోట్లు తేలాయి. 2021లో దాదాపు 42 వేల రోగులతో 64. 2025లో నేచర్‌లో వచ్చినదాంట్లో లక్షా 58 వేల మంది రోగులు, 28 లక్షలమంది మామూలువాళ్లు, 298 చోట్లు. ఒక్కొక్క చోటు ప్రభావం ఎంతంటే, ప్రమాదాన్ని నూటికి ఐదో ఆరో పాళ్లు పెంచడం. అదీ మనందరిలో తలా కొన్ని ఉండేవే.

ఇప్పుడు వెనక్కి తిరిగి 110వ నంబరు కుటుంబాన్ని చూస్తే ఎందుకు చిక్కలేదో తెలుస్తుంది. 2014లో ఆ ఆమిష్ బంధువర్గంలో పూర్తి జన్యుపటాలు చదివారు. అంత చిన్న సంఘంలో, ఒకే వంశంలో కూడా అందరినీ కలిపే ఒక్క మార్పు బయటపడలేదు. ఒక కొమ్మకి ఒక మార్పుల మూట, ఇంకో కొమ్మకి ఇంకో మూట. పెళ్లి చేసుకుని వచ్చినవాళ్లు కూడా తమ మూట తాము తెస్తారు. అందుకే వేపనీడ గారూ, మీ పెద్దనాన్న రక్తం కూడా అడుగుతారు చూడండి. ఆయన మీ అమ్మమ్మ వంశం కాదు కదా అని మీరు అనుకోవచ్చు, కానీ మీ అక్కలో సగం ఆయనే.

వృథా అంటే నేను ఒప్పుకోను. స్కాట్లాండ్‌లో ఒక కుటుంబం ఉంది. 1వ, 11వ క్రోమోజోములు ఒకచోట తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కున్నాయి. ఆ మార్పు ఉన్నవాళ్లలో ఒకరికి స్కిజోఫ్రీనియా, ఒకరికి బైపోలార్, ఒకరికి పదేపదే డిప్రెషన్. 1990లో అది అచ్చయింది, 2000లో తెగినచోట ఉన్న జీన్‌కి డిస్క్-1 అని పేరు పెట్టారు. మామూలు రోగుల్లో ఆ జీన్ పెద్దగా లెక్కకి రాలేదు. కానీ ఒకే మార్పు ఒకే ఇంట్లో మూడు పేర్లతో బయటపడగలదని ఆ కుటుంబమే చూపించింది. వేల మంది అపరిచితుల రక్తంలో అది కనబడదు.

ఇంకొకటి, 2022లో దొరికిన ఏకాప్-11. చాలా అరుదుగా చెడిపోయే జీన్, చెడితే ప్రమాదం బాగా ఎక్కువ. దాని ప్రోటీన్ జీఎస్‌కే-3 అనే ఎంజైమ్‌తో ముడిపడి ఉంటుంది. లిథియం అణచివేస్తుందని చెప్పే ఎంజైమ్ అదే. ఇలాంటి అరుదైన, ప్రభావం గట్టిగా ఉండే మార్పులు వెతకడానికి మీలాంటి ఇళ్లే మంచి చోటు.

ఉప్పుబిళ్ల | మంగళవారం, ఉదయం 11:02

జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ లిథియం రోగులకిచ్చిన సంగతి అచ్చువేసింది 1949లో. జీన్ దొరికింది 2022లో. నా బిళ్ల ఎందుకు పనిచేస్తోందో సగం సగం తెలియడానికి డెబ్బైమూడేళ్లు. తొందరేం లేదులెండి :)

వేపనీడ | మంగళవారం, రాత్రి 9:50

ఇంకో మాట అడగాలి, అడగలేకపోతున్నాను. మా తమ్ముడు పెళ్లి చేసుకోబోతున్నాడు. పిల్లలు వద్దంటున్నాడు. "ఏడుగురైంది చాలు, ఎనిమిదోవాణ్ణి నేను తేను" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక లేచి వచ్చేశాను.

డ్యూటీడాక్టర్ | మంగళవారం, రాత్రి 10:35

వేపనీడ గారూ, నిర్ణయం అతనిది, ఆ అమ్మాయిది. కానీ అంకె తెలిసి నిర్ణయించుకోవాలి.

డెన్మార్క్‌లో మానసిక చికిత్స రికార్డులు దేశమంతటివీ ఒకేచోట ఉంటాయి. 2010లో వాటితో 27 లక్షల మందిని చూశారు. 52 ఏళ్లు వచ్చేలోపు బైపోలార్‌గా నమోదైనవాళ్లు: తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకపోతే 0.48 శాతం, ఒకరికి ఉంటే 4.4 శాతం, ఇద్దరికీ ఉంటే 24.9 శాతం. ఇది ఆస్పత్రి రికార్డుకెక్కినవాళ్ల లెక్క, తేలిక రకాలు కలిపితే పెరుగుతుంది. మేం కౌన్సెలింగ్‌లో ఒక తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి 5 నుంచి 10 శాతం అని చెప్తాం. డిప్రెషన్ వచ్చే అవకాశం దానికి తోడు. మీ ఇంట్లో ఇంతమంది ఉన్నారు కాబట్టి నేనైతే పై అంచు వైపే చెప్తాను. అప్పుడు కూడా, పదిమంది పిల్లల్లో తొమ్మిది మందికి బైపోలార్ రాదు.

మీ తమ్ముడి మనసులో ఉన్న అంకె ఎంతో అడిగారా? నా దగ్గరికొచ్చేవాళ్లు చాలామంది సగానికి సగం అనుకుంటూ ఉంటారు.

బయట డబ్బు కట్టించుకుని "మీ బిడ్డకి వస్తుందో రాదో చెప్తాం" అనే జన్యు పరీక్షలు మాత్రం నమ్మొద్దు. మాస్టారు చెప్పిన 298 చోట్లూ కలిపి స్కోరు వేసినా ఫలానా మనిషికి వస్తుంది అని చెప్పే శక్తి దానికి లేదు.

సందేహాలరావు | బుధవారం, ఉదయం 6:55

ఈ వంశవృక్షం ఎవరి చేతిలోనైనా పడితే? ఇన్సూరెన్సువాళ్లు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూస్తే? నాకైతే పెద్దమ్మగారే రైటు.

గీతలపిల్ల | బుధవారం, ఉదయం 9:30

రావుగారూ, భయం న్యాయమైనదే. పేర్లు ఉండవు, నంబర్లుంటాయి, పేరుకీ నంబరుకీ ముడి వేసే పట్టిక వేరే తాళంలో ఉంటుంది. కానీ ఊరూపేరూ తీసేసినా పెద్ద కుటుంబం బొమ్మ వేలిముద్రలాంటిది. పదకొండు మంది సంతానం, మూడోవాళ్లు కవలలు అని చూస్తే తెలిసినవాళ్లు పట్టేస్తారు. అందుకే అచ్చువేసేటప్పుడు చాలామంది చతురస్రం, వృత్తం తీసేసి అందరికీ ఒకే డైమండు గుర్తు వేస్తారు, వరుస మారుస్తారు, కొన్ని కొమ్మలు దాచేస్తారు.

వేపనీడ గారూ, సంతకానికి ముందు ఇవి అడగండి. వ్యక్తిగత ఫలితం చెప్తారా చెప్పరా. మధ్యలో మానుకుంటే రక్తం నమూనా పారేస్తారా. నమూనా వేరే దేశానికో కంపెనీకో వెళ్తుందా. ఎవరైనా ఎపిసోడ్‌లో, అంటే జబ్బు ఉధృతంగా ఉన్న దశలో, ఉంటే అప్పుడు సంతకం తీసుకోకూడదు, స్థిమితపడ్డాక మళ్లీ అడగాలి. ఇంకొకటి, ఎవరూ ముందు చెప్పరు: రక్తం చూస్తే ఫలానా వ్యక్తి తండ్రి కాగితం మీదున్న తండ్రి కాదని తేలే సందర్భాలు వస్తాయి. దాన్ని బయటపెట్టబోమని రాసిస్తారో లేదో చూడండి. నేను పనిచేసిన చోట అలాంటిది తెలిసినప్పుడు, ఆ కొమ్మని లెక్కలోంచి నిశ్శబ్దంగా తీసేసేవాళ్లం.

పెద్దమ్మగారిని బతిమాలకండి. ఆవిడ వద్దంటే ఆవిడ చోటు ఖాళీగా కాదు, "తెలియదు" అని ఉంటుంది. ఆవిడ గురించి మీరు చెప్పడం కూడా ఆవిడ అనుమతి లేకుండా సరైంది కాదు.

వేపనీడ | ఆ తర్వాతి ఆదివారం, రాత్రి 8:15

అందరికీ థాంక్స్. వారం రోజుల్లో జరిగింది చెప్తాను.

తమ్ముణ్ణి అడిగాను, నీ లెక్కలో ఎంత అని. "యాభై" అన్నాడు. డాక్టర్ గారి మెసేజ్ చూపించాను. రెండుసార్లు చదివి ఫోన్ తిరిగిచ్చాడు. ఏమీ అనలేదు. మర్నాడు ఆ అమ్మాయిని తీసుకుని వాళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాడు.

చిన్నమ్మమ్మ, అంటే మా అమ్మమ్మ ఆఖరి చెల్లెలు, ఎనభై ఒక్కేళ్లు, ఆవిడ దగ్గరికి నేనే చార్టు పేపరు పట్టుకుని వెళ్లాను. గీతలపిల్ల గారు చెప్పినట్టు "మామూలుగా ఎలా ఉండేవాళ్లు, ఏం మారింది" అని అడిగాను. ఆవిడ ఒక్కొక్కరి బొమ్మ మీద వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. చివర్లో కళ్లద్దాలు తీసి, "ఒకడు తగ్గాడే" అంది. అమ్మమ్మకి ఎనిమిదిమంది తోబుట్టువులని మాకు తెలుసు. తొమ్మిదోవాడు ఒకడున్నాడట. పంతొమ్మిదో ఏట, వారం రోజులు నిద్రపోకుండా ఇంటి గోడలన్నిటికీ తనే సున్నం వేసి, ఒక రాత్రి వెళ్లిపోయాడట. తర్వాత కబురు లేదు. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని పెద్దవాళ్లు కట్టడి చేశారట. మా అమ్మకే తెలియదు.

పెద్దమ్మ ఆ గదిలోనే ఉంది, నాతో మాట్లాడకుండా. అంతా విని లేచి వచ్చి, చార్టులో తన వృత్తం చూపించి, "ఇందులో సగం నింపు. నాకు వచ్చింది దిగులు ఒక్కటే, రెండోది రాలేదు" అంది. సంతకం సంగతి తర్వాత చూద్దామంది.

గీతలపిల్ల గారూ, ఒక సందేహం మిగిలింది. ఆ చిన్నతాతయ్యకి చతురస్రం గీశాను. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. వాలు గీత కొట్టాలా?

గీతలపిల్ల | ఆదివారం, రాత్రి 8:40

కొట్టకండి. లోపల ప్రశ్నార్థకం వేసి, కింద "19 ఏళ్లు, చివరిసారి చూసింది" అని రాయండి. చెప్పింది చిన్నమ్మమ్మగారని, ఏ తేదీన చెప్పారో కూడా పక్కన రాసుకోండి. ఆ సున్నం సంగతి మాత్రం ఆవిడ మాటల్లోనే, ఒక్క పదం మార్చకుండా.